కందిలి కింద బడి

పగలంతా నన్ను "ఓ పోరడా" అని పిలిచే మా ఇంటెనక పెద్దవ్వ, రాత్రి ఎనిమిది దాటితే "సారూ" అనేది. ఆ పిలుపులో మర్యాద పావు వంతు, ఎకసెక్కం ముప్పావు. నాకప్పుడు 19 ఏళ్లు. డిగ్రీలో ఇంగ్లీషు పేపరు పోగొట్టుకొని ఇంటికాడ ఖాళీగా ఉన్న. దేవరకొండ దిక్కు మల్లేపల్లిలో బస్సు దిగి నాలుగు మైళ్లు నడిస్తే మా ఊరు. పరీక్ష తప్పినోడు ఊరందరికీ చదువు చెప్పుడేందని మా నాయన మొదట నవ్విండు, తర్వాత గాస్‌నూనె డబ్బా తెచ్చి ఇచ్చిండు.

అది 1992 వానకాలం. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం అని పేరు. కేంద్రం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టింది. కేరళలో ఎర్నాకుళం 1990లో దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా ప్రకటించుకుంది. ఆ ఊపు మా దాకా వచ్చింది. 1991 జనాభా లెక్కల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి చదవనేర్చిన ఆడవాళ్లు నూటికి 33 మంది లోపే. మా దిక్కు, పక్కన పాలమూరు దిక్కు అంతకన్నా అధ్వానం.

మండలంలో మాలాంటి వలంటీర్లకు ట్రైనింగ్ ఇచ్చిన్రు. ఒక్కొక్కరికి పదిమంది చొప్పున, మూడు వాచకాలు, మొత్తం 200 గంటల చదువు అన్నరు. పెద్దవాళ్లకు చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పొద్దని మరీ మరీ చెప్పిన్రు. నేను బుద్ధిగా తలూపి, ఊరికొచ్చి సరిగ్గా అదే చేసిన.

ఇంకో చిక్కు. మిషన్ లెక్కలోకి వచ్చేది 15 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లే. మా బడికి మొదట వచ్చి కూర్చున్నది కుమ్మరి తాత. ఆయన పెద్ద మనవరాలి పెండ్లి అప్పటికే అయింది. "తాతా, రిజిస్టర్ల వయసు ఎంత రాయాలె?" అంటే, "మీ సర్కారు ఎంత రాయమంటదో గంతే రాయి కొడుకా" అన్నడు. 35 అని రాసిన. పెద్దవ్వకూ 35. మా రాత్రి బడి రిజిస్టర్ చూస్తే ఊరంతా ఒక్క ఏడే పుట్టినట్టుంటది.

మొదటి రోజు హనుమాండ్ల గుడి ముందు గద్దె మీద 23 మంది. కందిలి కొయ్యకు తగిలించి, బోర్డు మీద 'అ' రాసి, అందరూ అనండి అన్న. ఎవరూ అనలేదు.

"అ అంటే ఏందిరా?" అన్నడు తాత.

"అ అంటే అమ్మ, తాతా."

"అమ్మ అనుడు నాకు పుట్టినప్పటి సంది వొస్తది. మల్ల నేర్సుడెందుకు?"

పెద్దవ్వ అందుకుంది. "నాకు ఏలుముద్ర ఉన్నది. సాలదా సారూ?"

ఆరో రోజుకు ఏడుగురు మిగిలిన్రు. అందులో ముగ్గురు కందిలి వెలుతురుకు పల్లికాయ ఒలుచుకోను వచ్చినోళ్లు. మిగతా వాళ్లను తప్పుపట్టే మొహం నాకు లేదు. పొద్దంతా ఆముదపు చేన్లో నడుం వంచి, ఇంటికొచ్చి గటక వండి, పిల్లలను పండబెట్టి వచ్చిన మనిషి ముందు నేను బెత్తం లేని పంతులు లెక్క నిలబడి ఆ, ఇ, ఈ అంటున్న. మా వాచకం కూడా అ ఆ ల వరుసలో లేదు, మాటలతో మొదలయ్యేది. నేనే నా చిన్నప్పటి పెద్దబాలశిక్ష ధోరణిలో దాన్ని పక్కన పెట్టిన.

మళ్లీ జనాన్ని గద్దె మీదికి తెచ్చింది నా తెలివి కాదు, కుమ్మరి తాత విసుగు. ఆయన చేతిలో బలపం నిలిచేది కాదు, రోజుకు రెండు విరిచేవాడు. ఓ రాత్రి పలక పక్కన పడేసి, జేబులోంచి పచ్చిమట్టి ముద్ద తీసి, రెండు వేళ్ల మధ్య తీగలా సాగదీసి, గద్దె మీద గుండ్రంగా చుట్టిండు. దానిమీద చిన్న కొస తగిలించిండు. "గిదే గదా నువ్వు రాసింది? కుండకు మూత వెట్టినట్టు." అది అచ్చమైన 'ర'. తలకట్టుతో సహా.

ఆ రాత్రి నుంచి అక్షరాలకు పేర్లు పుట్టినయి. ర అంటే మూతకుండ. మధ్యలో చుక్క పెడితే ఠ, అది గింజవడ్డ కుండ. వ కు కుడిదిక్కు తోక పెరిగితే మ. ఇక్కడ అందరూ తడబడేది, 'మ' కూ 'వు' కూ తేడా ఏందని. నిజానికి చదువుకున్నోళ్లు కూడా చేతిరాతలో ఆ రెండింటినీ కలిపేస్తరు. తాత చెప్పిన తేడా ఇది: "మ తోక పక్కకు పారే కాలువ, వు తోక కిందికి దిగే బాయి." ఆ తర్వాత ముప్పై ఏళ్లు పంతులుగా పనిచేసిన నేను, ఒకటో తరగతి పిల్లలకు కూడా అదే మాట చెప్పిన. తాత పేరు మాత్రం చెప్పలేదు. ఆ దొంగతనం ఇప్పుడు ఒప్పుకుంటున్న.

మట్టి పనిచేసిందని నాకు హుషారు ఎక్కింది. ఆడవాళ్లకు ముగ్గులు వచ్చు గదా, చుక్కలు పెట్టి మెలికలు తిప్పే చేతులకు తెలుగు అక్షరం ఒక లెక్కనా? రేపటి నుంచి వాకిట్ల ముగ్గుపిండితో మీ మీ పేర్లు వెయ్యండని చెప్పిన. చాలా గొప్ప ఆలోచన అనుకున్న. తెల్లారి ఊరంతా తిరిగి చూసిన. ఒక్క వాకిట్లో కూడా అక్షరం లేదు.

"ముగ్గు తొక్కేది సారూ," అన్నది పెద్దవ్వ. "సదువు తొక్కుతరా ఎవరన్న? కాయితానికి కాలు తాకితే కండ్లకు అద్దుకుంటం గదా."

నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి దారి వాళ్లే చూపించిన్రు. దసరాకు ఇండ్లు అలికి, గోడలకు సున్నం కొట్టి, అరుగుల అంచుకు జాజు పూస్తరు గదా. ఆ జాజుతో తలుపు పక్క గోడ మీద ఎవరి పేరు వాళ్లు రాసుకున్నరు, కాలు తగలనంత ఎత్తున. పెద్దవ్వ రాతలో ఒక అక్షరం తలకిందులుగా ఉండేది. వానకు కారిపోయేదాకా దిద్దలేదు, దిద్దనివ్వలేదు.

అప్పుడు ఒకటి పట్టుబడింది. రాత్రంతా మేలుకొని నేను ఆలోచించి తెచ్చిన పద్ధతి ఒక్కటీ వారం మించి నిలవలేదు. వాళ్ల నోట్లోంచి యథాలాపంగా జారిపడ్డవి నెలల తరబడి నడిచినయి. ఆ తర్వాత నేను పాఠం తయారుచేసుకోవడం తగ్గించి, బడికి ముందు అరగంట ఊరికే కూర్చొని వినడం మొదలుపెట్టిన.

విన్నదాంట్లో బస్సుల బాధ ఒకటి. దేవరకొండ సంతకు పోయిన ఆడవాళ్లు తిరుగు బస్సు ఎక్కాలంటే ఎవరినో ఒకరిని అడగాలి. అడిగితే కొందరు చెప్తరు, కొందరు కసురుకుంటరు. సరే, వారం రోజులు బస్సు బోర్డులే పాఠం. అట్టముక్కల మీద మల్లేపల్లి, నల్లగొండ, కల్వకుర్తి, సాగర్, మాల్ అని రాసి, పిల్లల చేతికిచ్చి గద్దె చుట్టూ పరుగెత్తించిన. పెద్దవాళ్లు తమ బస్సు వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపాలి. ఆపలేకపోతే ఆ రాత్రి బస్టాండ్లో పండుకున్నట్టే. నవ్వులు చూసి, బడికి రానోళ్లు కూడా చుట్టూ నిలబడేవాళ్లు.

మరుసటి సంతకు పెద్దవ్వ ఒక్కతే పోయింది. తిరిగొచ్చి గర్వంగా చెప్పింది. "రెండు ల లు ఉన్న బోర్డు సూసి ఎక్కిన." విచారిస్తే ఆమె ఎక్కింది నల్లగొండ బస్సు. మల్లేపల్లిలోనూ ల్ల, నల్లగొండలోనూ ల్ల. అయితే ఆ బస్సు మల్లేపల్లి మీదుగనే పోతది గనుక దిగాల్సిన చోటే దిగింది. తప్పు చదివినవ్ పెద్దవ్వా అంటే ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చిన్నా లేదా?" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలంటారా, ఆ గద్దె మీద నేనే విద్యార్థిని. నూటికి మూడు రూపాయల మిత్తి, ఎనిమిది వందలు, ఏడు నెలలు. నేను సుద్దముక్క వెతికేలోపల ఎవరో ఒకరు "అసలు మిత్తి కలిపి తొమ్మిది వందల అరవై ఎనిమిది" అనేవాళ్లు. ఎకరానికి 40 గుంటలు, అన్నదమ్ములు ముగ్గురు, మధ్యల బాయి గడ్డ ఉమ్మడి. ఇట్లాంటి పంపకాలు నోటితోనే తెగ్గొట్టేవాళ్లు. వాళ్లకు రానిది లెక్క కాదు, లెక్కను కాగితం మీద గుర్తుపట్టడం. అందుకే కూడికలు, తీసివేతలు ఆపేసి వట్టి అంకెలు పట్టుకున్నం. 5 కు ఒక పొట్ట, 8 కి రెండు పొట్టలు.

దసరా పోయినంక గుంపు మేస్త్రీ ఊర్లోకి వచ్చిండు. బొంబాయి దిక్కు పనికి మనుషులను తీస్కపోవడానికి అడ్వాన్సులు పంచేటోడు. నాకు వదిన వరసయ్యే ఒకామె, మొగుడి పేరు ఎదురుగా వేలుముద్ర పెట్టే ముందు నోటుబుక్కు మీదికి వంగి చూసిందట. "గిదేంది, గీడ రెండు పొట్టలున్నయి? నువ్విచ్చింది ఐదొందలే గదా." చార్జీలు కలిపి రాసిన్నని మేస్త్రీ దబాయించిండు. చుట్టూ జనం మూగిన్రు. చివరికి 8 కొట్టేసి 6 రాసిండు. ఆరూ అన్యాయమే. కానీ ఆ రాత్రి గద్దె మీద 31 మంది, అంతమంది ఎన్నడూ రాలేదు. కందిలి చాలక ఇంకోటి తెచ్చిన్రు. మేస్త్రీ నా మీద కోపం పెట్టుకున్నడు. వారం రోజులు నేను చీకటి పడ్డంక ఒంటరిగా పొలం దిక్కు పోలేదు, అది వేరే సంగతి.

తండా నుంచి ముగ్గురు అక్కలు వచ్చేవాళ్లు, చివర్న కూర్చునేవాళ్లు, నోరు విప్పేవాళ్లు కాదు. సిగ్గేమో అనుకున్న. తెలుగు వాళ్ల ఇంటి భాష కాదన్న సంగతి నా బుర్రకు తట్టడానికి నెల పట్టింది. బోర్డు మీద రొట్టె బొమ్మ వేసి, దీన్ని మీరేమంటరు అని అడిగితే, ముసుగు చాటు నుంచి ఒకామె "బాటి" అన్నది. బాటి అని తెలుగు అక్షరాల్లో రాసి చూపించిన. మా మాట గూడ రాయొస్తదా అని ఆమె అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. తర్వాత నీళ్లకు పాణి. ఆ రెండు మాటలు పలక నిండా, పలక వెనక, చివరికి చేతి మీద కూడా రాసుకున్నరు. మిగతావాళ్లు కూడా లంబాడి మాటలు నేర్చుకుంట కూర్చున్నరు. రెండు రోజులు వాచకం కదల్లేదు. మండలం నుంచి వచ్చిన పర్యవేక్షకుడు సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని గద్దించిండు. బాటి దాకా వచ్చింది సార్ అనలేకపోయిన.

బతుకమ్మ తొమ్మిది రోజులు బడి ఖాళీ. ఎంగిలిపూల నాడు నేను కందిలి పట్టుకొని ఒక్కణ్నే కూర్చున్న. మర్నాడు సిగ్గు విడిచి వాళ్లు ఆడే కాడికే పోయిన. పాట నడిపే అక్కను, మా క, గ లను కూడా ఒకసారి పాటలోకి పిలవమని బతిమాలిన. ఆమె క్షణం కూడా తడుముకోలేదు.

కంది చేను కాడ ఉయ్యాలో, క అచ్చరం దొరికె ఉయ్యాలో
గాజులమ్మ బండ్ల ఉయ్యాలో, గ అచ్చరం దొరికె ఉయ్యాలో

అట్ల అట్ల ఊర్లో దుకాణాలు, చేన్లు, ఆడబిడ్డల పేర్లు అన్నీ వచ్చి చేరినయి. మేస్త్రీ కూడా వచ్చిండు, మ అచ్చరం కాడ. ఆ చరణం ఇక్కడ రాయను.

ఇంకొకాయన గురించి చెప్పాలి, నాకు మామ వరస. మా దిక్కు నీళ్ల సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్ ఆయన మెడనూ మోకాళ్లనూ పట్టేసింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. వేళ్లు ముడుచుకోక బలపం పట్టలేడు, మట్టి సాగదీయలేడు. ఆయన ముందు గోనెపట్టా పరిచి దోసెడు ఆముదపు గింజలు పోసిన్రు. ఒక్కో గింజ జరుపుకుంట అక్షరం పేర్చేవాడు. ఒక మాటకు గంట పట్టేది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆయన కోసమే ఓ రాత్రి 'పటిక', 'సున్నం' అని రెండు మాటలు పెట్టిన. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో, పటికా సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టిన్రు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కడెక్కడో పుస్తకాల్లో ఉందని గొప్పగా చెప్పిన. మామ గింజలతో 'పటిక' పేర్చి, మెల్లగా మనిషి మొత్తం నా దిక్కు తిరిగి అడిగిండు.

"మన బోరింగు నీళ్లకు ఎంత పటిక ఎయ్యాలె అల్లుడా?"

అది నీళ్లను పరీక్ష చేసి, ఫ్లోరైడ్ ఎంతుందో, నీళ్ల గుణం ఏందో చూసి తేల్చాల్సిన లెక్క. మా ఊరి నీళ్లకు ఆ పరీక్ష చేసినోళ్లు లేరు. ఆ మాట చెప్పిన. "అట్లనా" అన్నడు. గింజలు మళ్లీ కుప్ప చేసిండు. రెండు రోజులు నేను ఏ పాఠమూ మొదలుపెట్టలేకపోయిన.

ఆ చలికాలమే పేపర్లో నెల్లూరు జిల్లా దూబగుంట వార్తలు వచ్చేవి. అక్కడ రాత్రి బడి ఆడవాళ్లే పాఠం చదువుకొని సారా దుకాణం మీదికి పోయిన్రని. మాకు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. పెద్ద అక్షరాల శీర్షికలో సా ఎక్కడుందో రా ఎక్కడుందో వెతకడం ఆట. అటుపిమ్మట మొత్తం వార్త నేను చదవాలి, వాళ్లు వాదించుకోవాలి. ఆ వాదులాటలో సగం మొగోళ్లు లేచిపోయేవాళ్లు. 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారా నిషేధించిందన్న వార్తను మాత్రం నేను చదవలేదు. పాట నడిపే అక్కనే కూడబలుక్కుంట చదివింది. ఒక్క శీర్షికకు పది నిమిషాలు పట్టింది, ఎవరూ అందియ్యలేదు.

చాలా ఏండ్ల తర్వాత దూరవిద్యలో చదువుకుంటున్నప్పుడు బ్రెజిల్ పంతులు పౌలో ఫ్రేరీ సంగతి తెలిసింది. 1963లో అంగికోస్ అనే ఊర్లో సుమారు 300 మంది కూలీనాలీ జనానికి 40 గంటల్లో చదువు నేర్పిండట, 'ఇటుక' లాంటి వాళ్ల పనిమాటలతోనే. చదువుతుంటే నాకు తాత మట్టిముద్ద కండ్లముందు కనపడ్డది. మా వాళ్లకు 40 గంటలు సరిపోలేదు, 200 కూడా సరిపోలేదు. సంక్రాంతి దాటంగనే సగం ఊరు పనుల కోసం తరలిపోయింది, గద్దె బోసిపోయింది. వానలకు తిరిగొచ్చినోళ్లలో కొందరు అక్షరాలు మరిచిపోయి వచ్చిన్రు. దీన్ని ఎవరూ రిపోర్టులో రాయలేదు, నేనూ రాయలేదు.

అందరూ మరిచిపోలేదు. ఎండకాలంలో నాకొక 15 పైసల కార్డు వచ్చింది, బొంబాయి నుంచి. చిరునామాలో నా పేరు లేదు. "రాత్రి బడి సారు" అని, కింద ఊరి పేరు. నోటుబుక్కులో రెండు పొట్టలు పట్టుకున్న వదిన రాసింది. నాలుగే మాటలు: అత్త కండ్లు ఎట్లున్నయి. మేకను అమ్మకుండ్రి. బడి నడుస్తుందా. పైసలు పంపుతం. ఒత్తులన్నీ ఎగిరిపోయినయి. వాళ్ల అత్తకు చదివి వినిపిస్తే, ఇంకోసారి, ఇంకోసారి అని నాతో చీకటి పడేదాకా చదివించింది.

పెద్దవ్వకు ఆ బడి మిగిల్చింది సంతకం ఒక్కటే. అదైనా ఎంతో పట్టుదలగా కాపాడుకుంది. ఒకసారి బ్యాంకులో సంతకం పెడతానంటే, ఖాతా వేలుముద్రతో తెరిచినవు గనుక వేలుముద్రే పెట్టాలన్నరట. వేలుముద్ర పెట్టి, దాని పక్కనే పేరు కూడా రాసి వచ్చింది, ఎవరూ అడగకున్నా.

మొన్న ఊరికి పోతే, పింఛన్లు ఇచ్చే కాడ నీడకు కూర్చొని కనపడ్డది. ఇప్పుడు ఆమె వయసు రిజిస్టర్ల రాసినంత కాదు. మిషను మీద వేలు పెడితే ముద్ర పడుతలేదు. డెబ్బై ఏండ్లు కలుపు తీసి, పల్లికాయ పీకి, బోళ్లు తోమిన వేళ్లు. గీతలన్నీ అరిగిపోయినయి.

"సంతకం వెడ్త అంటే మిషను ఒప్పుకోదట సారూ," అన్నది. ఈసారి ఎకసెక్కం ఎంతుందో నేను తూకం వెయ్యలేకపోయిన. "ఏలుముద్ర సాలదా అని నేనప్పుడే అంటి. నువ్వు ఇనకపోతివి."

ఆమె పక్కనే కూర్చున్న. చెయ్యి కడిగించి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టించిన్రు. మధ్యాహ్నం దాకా బొటనవేలు, చూపుడువేలు, రెండు చేతులవీ అయిపోయినయి. నాలుగింటికి పడ్డది. ఎడమ చేతి ఉంగరం వేలు.